క్రిస్మసు పండుగ: చరిత్రయు, పరమార్థమును



డిసెంబరు నెల వచ్చినతోడనే పట్టణములలోని అంగళ్లు రంగుదీపములతో నిండిపోవును. గాజుగోళములు, తగరపు తారలు, తెల్లగడ్డపు తాత బొమ్మలు గుట్టలుగా అమ్మకమునకు వచ్చును. పల్లెలలో సైతము ప్రార్థనామందిరములపై నక్షత్రదీపములు వ్రేలాడును. క్రొత్తబట్టలు, పిండివంటలు, పాటలమేళములు, బాణసంచా, దేనికిని కొఱత యుండదు. ఇంత సంభ్రమము నడుమ, ఈ పండుగ ఎవరిది, ఎందుల కని యొక బాలుడు అడిగినచో చెప్పవలసిన మాట మఱుగున పడుచున్నదని క్రైస్తవసంఘములలోని పెద్దలే చింతించుచున్నారు. పెండ్లిపందిరి మిగిలినది గాని పెండ్లికొడుకు కానరాడని వారి మొఱ.

ఈ మొఱ న్యాయమైనదే. కాని క్రొత్తది కాదు. ఆ పండుగకు ఎంత వయస్సు గలదో ఈ మొఱకును ఇంచుమించుగా అంత వయస్సు గలదు. ఈ పండుగ యర్థము పూర్వము ఎట్లు మఱుగుపడుచు వచ్చెను, దానిని మఱల వెలికి దెచ్చినవారు ఏ యుపాయముచే దెచ్చిరి అను విషయమును నేడు విచారింపదలచితిని. పండుగ క్రైస్తవులదే యైనను, ఇందలి ప్రశ్న సంక్రాంతికిని రంజానునకును గూడ చెందునదే గనుక, అన్ని మతముల పెద్దలకును ఇది వినదగిన విషయమని తలంచుచున్నాను.

మొదట కథను జ్ఞప్తికి దెచ్చుకొందము. క్రీస్తు జననమును వర్ణించు సువార్తలు రెండే. మత్తయి వ్రాసినది యొకటి, లూకా వ్రాసినది యొకటి. లూకా చెప్పినదాని సారాంశమిది. రోమక చక్రవర్తియగు అగస్టసు ప్రజాసంఖ్య వ్రాయించుటకు ఆజ్ఞ చేసెను. నజరేతు నివాసియగు యోసేపు, నిండుచూలాలైన మరియతో గూడ, తన పూర్వుల యూరైన బేత్లెహేమునకు బోయెను. అచ్చట సత్రములో వారికి స్థలము లేకపోయెను. బిడ్డ పుట్టగా తల్లి వానికి పొత్తిగుడ్డలు చుట్టి పశువులతొట్టిలో పరుండబెట్టెను. ఆ శుభవార్త మొదట తెలిసినది రాజునకు గాదు, మఠాధిపతికి గాదు. రాత్రివేళ పొలములో మందలను కాచుకొనుచున్న గొఱ్ఱెలకాపరులకు.

మన దేశమున సత్రము కట్టించుట గొప్ప ధర్మకార్యము. ప్రొద్దుగూకిన వేళ వచ్చిన బాటసారికి, అందునను చూలాలికి, చోటు లేదనుట ఎట్టి మాటయో మన పల్లెల పెద్దలకు ఒకరు చెప్పనక్కఱ లేదు. తెలుగు బైబిలునందు 'సత్రము' అను మాటను చదివినప్పుడు ఆ కథ మనకు పరదేశపు కథ యనిపింపదు. క్రైస్తవుల విశ్వాసము ప్రకారము దేవుడు మనుష్యుడై పుట్టెను. అందునను చోటు దొరకనివారిలో నొకడై పుట్టెను. పండుగ యర్థమంతయు ఈ రెండు మాటలలో నున్నది. తక్కినదంతయు తరువాత వచ్చి చేరినదే.

ఆ సువార్తలలో జననపు తేది లేదు, నెల లేదు. సంవత్సరము సైతము స్పష్టముగా లేదు. క్రీస్తుశకపు గణనమును 525 ప్రాంతమున రోమునగరమున డయొనీసియసు అను సన్యాసి ఏర్పఱచెను. సువార్తలో పేర్కొనబడిన హేరోదురాజు క్రీస్తుపూర్వము 4వ సంవత్సరమున మరణించెనని పెక్కురు చరిత్రకారుల మతము. దానినిబట్టి చూడగా, క్రీస్తు తన పేరిట నడచు శకమునకు కొన్ని యేండ్ల ముందే పుట్టియుండవలెను.

మొదటి మూడు శతాబ్దములలో క్రైస్తవులకు ముఖ్యమైన పండుగ పునరుత్థానపు పండుగ. జననపు పండుగ కాదు. మూడవ శతాబ్దపు మహాపండితుడగు ఒరిగెను, వేదగ్రంథమున పుట్టినదినమును వేడుకగా జరిపినవారు ఫరో, హేరోదు వంటి పాపులే గాని భక్తులు కారని వ్రాసెను. అంతకు పూర్వము, 200 ప్రాంతమున, అలెగ్జాండ్రియా నగరపు క్లెమెంటు తన కాలమున క్రీస్తు జన్మదినమును గూర్చి కొందఱు ఒక తేదియు, కొందఱు మఱియొక తేదియు చెప్పుచుండిరని తెలిపెను. వానిలో మే నెలలోని తేదియు గలదు.

డిసెంబరు 25వ తేదికి మనకు దొరకిన మొదటి వ్రాతమూలకమైన సాక్ష్యము రోమునగరమున 354లో కూర్చబడిన యొక పంచాంగగ్రంథము. అందలి యొక పట్టిక 336 నాటిదని పండితులు నిర్ణయించిరి. క్రీస్తు యూదయలోని బేత్లెహేమున పుట్టిన దినమని ఆ తేదికి ఎదుట వ్రాసియున్నది. ఆ గ్రంథమునందే వేఱొకచోట అదే తేది అజేయుడగు సూర్యుని పుట్టినదినమనియు నున్నది. రోమకుల లెక్కలో అది సూర్యుడు ఉత్తరమునకు మఱలు దినము. కాబట్టి క్రైస్తవులు సూర్యపూజకుల పండుగను దీసికొని తమదిగా జేసికొనిరని కొందఱు పండితులు చెప్పుదురు. మార్చి 25న క్రీస్తు మాతృగర్భమున బడెనని యెంచి తొమ్మిది నెలలు లెక్కించుటచే ఈ తేది వచ్చినదని మఱికొందఱు వాదింతురు. ఈ వివాదము నేటికిని తీఱలేదు. తూర్పుదేశములలో మొదట జనవరి 6వ తేదియే యాచరణలో నుండెను. ఆర్మీనియా సంఘమువారు నేటికిని ఆ తేదినే క్రీస్తు జననమును స్మరించుచున్నారు. 386లో అంతియొకయ నగరమున సుప్రసిద్ధ వక్త క్రిసొస్తొము డిసెంబరు 25న ప్రసంగించుచు, ఈ పండుగ తమ యూరికి వచ్చి యింకను పదియేండ్లు కాలేదని చెప్పెను.

ఇక మన ప్రశ్నకు వత్తము. 380 ప్రాంతమున కాన్‌స్టాంటినోపిలు రాజధానిలో నాజియాంజసు గ్రెగరీ అను ధర్మాధ్యక్షుడు క్రీస్తు ప్రత్యక్షతను గూర్చి యొక ప్రసంగము చేసెను. గుమ్మములకు దండలు కట్టుట, వీధుల నలంకరించుట, ఆటపాటలు, ఖరీదైన వస్త్రములు, రుచులకొఱకు వండు వంటలు, మితిమీఱిన పానము, ఇవి పండుగ కావని ఆయన హెచ్చరించెను. తమకు మించి తినువారు తినుచుండగా, తమవలెనే మట్టినుండి పుట్టిన తోటివారు ఆకలితో నుండుట యేమి న్యాయమని యడిగెను. చూచితిరా! ఆ పండుగ అచ్చట ఇంకను శైశవమున నుండగనే, అంగడి యర్థమును కప్పివేయునను భయము పుట్టినది. కాబట్టి, పూర్వకాలమున అందఱును శుద్ధముగా నాచరించిరి, మన కాలముననే చెడినది అను మాట చరిత్రకు నిలువదు. ప్రతి తరమువారును ఈ యర్థమును తామే మఱల సంపాదించుకొనవలసి వచ్చినది.

అట్లు సంపాదించినవారిలో అగ్రగణ్యుడు అస్సీసి ఫ్రాన్సిసు. 1223లో, అనగా తన మరణమునకు మూడేండ్లకు ముందు, ఆయన ఇటలీదేశపు రియేతి లోయలో గ్రెచ్చో అను కొండపల్లెలో క్రిస్మసు రాత్రిని గడపెను. ఆ యూరి పెద్దయగు జాను అనువానిని పిలిచి, ఆ బాలుడు ఎట్టి లేమిలో పుట్టెనో కన్నులార చూడగోరుచున్నానని చెప్పి, ఒక పశువులతొట్టిని, ఎండుగడ్డిని, ఒక యెద్దును, ఒక గాడిదను సిద్ధము చేయించెను. పల్లెజనము దివిటీలతో అడవిదారిని వచ్చిరి. ఫ్రాన్సిసు ఆ తొట్టియెదుట నిలిచి సువార్తను గానము చేసి, సులభమైన మాటలతో బోధించెను. అచ్చట బంగారు విగ్రహము లేదు, పట్టుతెర లేదు. ప్రతి రైతు కొట్టములోను ఉండు వస్తువులే యున్నవి. దేవుడు తమవంటి యింటికే వచ్చినాడని ఆ పల్లెవారికి ఆ రాత్రి ప్రత్యక్షముగా తోచియుండును.

ఆయన చరిత్రకారుడు మఱియొక సంగతిని వ్రాసియుంచెను. తనకు చక్రవర్తితో మాటలాడు నవకాశము దొరకినచో, క్రిస్మసునాడు ధనికులు బీదలకు కడుపునిండ నన్నము పెట్టవలెననియు, ఎడ్లకును గాడిదలకును మామూలుకంటె నెక్కువ మేత వేయవలెననియు, పక్షులకొఱకు బాటలపై గింజలు చల్లవలెననియు శాసనము చేయించుదునని ఫ్రాన్సిసు చెప్పుచుండెనట. కనుమనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగుపూసి, కడుపునిండ మేపు తెలుగు రైతునకు ఈ మాటలోని తీపి వెంటనే తెలియును. అతడు వేడుకను మానుమనలేదు. వేడుకలో మొదటి విస్తరి ఎవరి ముందు వేయవలెనో చూపినాడు.

దీనికి భిన్నమైన మార్గమును త్రొక్కినవారు పదునేడవ శతాబ్దపు ఇంగ్లండుదేశములోని ప్యూరిటనులు. వేదగ్రంథమున ఈ పండుగను గూర్చి విధి లేదు, జనులు త్రాగి తందనాలాడుచున్నారు, కాబట్టి పండుగనే తీసివేయుట మేలని వారు నిశ్చయించిరి. 1647 జూనులో పార్లమెంటు క్రిస్మసు మొదలగు పండుగలను రద్దుచేసెను. ఆ డిసెంబరు 25న కాంటర్‌బరీ పట్టణమున అంగళ్లు తెఱవవలెనని అధికారులు నిర్బంధింపగా జనులు తిరుగబడి, తెఱచిన అంగళ్లను పాడుచేసిరి. అమెరికాలోని మసాచుసెట్సువారు 1659లో క్రిస్మసును జరిపినవారికి అయిదు షిల్లింగుల జరిమానా విధించి, ఆ శాసనమును 1681లో తీసివేసిరి. ఇంగ్లండులో 1660లో రాజు మఱల సింహాసన మెక్కగా పండుగయు మఱల వచ్చెను. స్కాట్లండులో మాత్రము ఆ ప్రభావము చిరకాలము నిలిచెను. అచ్చట క్రిస్మసు సెలవుదినమైనది 1958లోనే. ప్యూరిటనులు భక్తిహీనులు కారు. వారి కోపము అకారణమైనదియు కాదు. అయినను శాసనము పండుగను ఆపగలిగెనే గాని అర్థమును బోధింపలేకపోయెను. నిషేధము తొలగినంతనే జనులు మొదట వెదకినది విడిచిన విందునే.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రములు వచ్చెను, రైళ్లు వచ్చెను, తపాలా చౌకయయ్యెను. దానితో పండుగ రూపమే మాఱిపోయెను. 1843లో లండనులో హెన్రీ కోలు అను నాతడు మొట్టమొదటి క్రిస్మసు కార్డును అచ్చువేయించెను. దాని నడుమ ఒక సంపన్న కుటుంబమువారు పానపాత్రల నెత్తి శుభము గోరుచుండిరి. ఇరుప్రక్కలను బీదలకు అన్నము పెట్టుటయు, వస్త్రమిచ్చుటయు చిత్రింపబడెను. పశువులతొట్టి లేదు. కాని దానము ఇంకను అంచున మిగిలియుండెను. ఆ సంవత్సరముననే డికెన్సు తన ప్రసిద్ధమైన క్రిస్మసు కథను ప్రకటించి, లోభియైన యజమానునికి కార్మికుని బిడ్డ యాకలిని చూపెను. 1848లో విక్టోరియా రాణి కుటుంబము దీపాలంకృతమైన చెట్టుచుట్టును నిలిచిన చిత్రము ఒక వార్తాపత్రికలో వెలువడగా, జర్మనుల యాచారమైన ఆ చెట్టు ఆంగ్లేయుల యిండ్లలోనికిని పాకెను.

క్రిస్మసు తాత చరిత్రము మఱియు విచిత్రమైనది. నేటి తుర్కీదేశపు దక్షిణతీరమున మైరా అను పట్టణమున నాలుగవ శతాబ్దములో నికొలసు అను ధర్మాధ్యక్షుడుండెను. ఒక బీదతండ్రి ముగ్గురు కూతుండ్రకు కట్నములియ్యలేక వారిని చెడుత్రోవకు అమ్ముకొనవలసిన దుస్థితిలో నుండగా, నికొలసు రాత్రివేళ కిటికీలోనుండి బంగారపుమూటను పడవేసి, ఇచ్చినవాడెవడో తెలియకుండ వెడలిపోయెనని, ఇట్లు ముమ్మాఱు చేసెనని ఐతిహ్యము. హాలండువారు ఆయన దినమును డిసెంబరు మొదటివారమున జరుపుకొనుచు వచ్చిరి. అమెరికాలో 1823లో ప్రకటింపబడిన యొక పద్యము ఆయనకు జింకలబండి నిచ్చెను. 1863 మొదలుకొని థామసు నాస్టు అను చిత్రకారుడు ఆయనకు బొజ్జ నిచ్చెను. 1931 నుండి కోకాకోలా ప్రకటనలు ఆ యెఱ్ఱకోటు తాతను లోకమంతట పరిచితుని జేసెను. రహస్యముగా దానము చేసిన ధర్మాధ్యక్షుడు, బహిరంగముగా సరకులమ్ము తాత యయ్యెను. 1939లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు, క్రిస్మసు బేరములకు మఱియొక వారము దొరకునట్లు, నవంబరులోని కృతజ్ఞతా పండుగను వర్తకుల కోరికపై ఒక వారము ముందునకు జరిపెను. పూర్వము పండుగనుబట్టి అంగడి నడచెడిది. అప్పుడు అంగడినిబట్టి పండుగ నడచెను.

అయినను ఈ కాలముననే అర్థమును నిలుపుకొన్నవారును గలరు. మొదటి మహాయుద్ధమున సైన్యములో గురువుగా నుండి, చావులను కన్నులార చూచి వచ్చిన మిల్నర్-వైటు అను నాతడు, 1918 క్రిస్మసుకు ముందటి దినమున, కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాల మందిరమున తొమ్మిది వేదపాఠములును నడుమ పాటలునుగా ఒక యారాధనను ఏర్పఱచెను. 1928లో అది మొదటిసారి రేడియోద్వారా ప్రసారమయ్యెను. అందులో క్రొత్త వింత యేదియు లేదు. ఉన్నకథను వరుసగా చదువుటయు, చదివినదానిని పాడుటయు, అంతే. నాటినుండి నేటివరకు జనులు దానిని వినుచునే యున్నారు.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. తెలుగు క్రైస్తవులు ఈ పండుగను విదేశపు చెట్టుతోను మంచుబొమ్మలతోను ప్రారంభింపలేదు. పురుషోత్తమ చౌదరి మొదలగు కవులు రచించిన కీర్తనలను మన రాగతాళములలో పాడుకొనుచు, భజనలు చేయుచు, వెదురుబద్దలతో కట్టి కాగితమంటించిన నక్షత్రమును మోయుచు ఇల్లిల్లు తిరిగిరి. వారిలో పెక్కురు ఊరి వెలుపలి వాడలలో నివసింపవలసివచ్చినవారు; బావిలో నీరు తోడుకొనుటకును, రచ్చపై కూర్చుండుటకును చోటు లేదని తరతరములుగా విన్నవారు. సత్రములో చోటు లేదన్న మాట వారికి ఉపమానము కాదు, అనుభవము. ఆ చోటులేనివాడే లోకరక్షకుడని చెప్పు పండుగ వారికి ఎంత గౌరవమునిచ్చెనో మనము ఊహింపవచ్చును.

దీనికి మెదకు ప్రార్థనామందిరము గొప్ప సాక్ష్యము. చార్లెసు వాకరు పోస్నెట్టు అను ఆంగ్లేయ మతగురువు పూనికతో 1914లో ఆరంభమైన ఆ కట్టడము పదియేండ్లు నడచినది. అది కఱవుకాలము. ఊరక భిక్షమిడుటకంటె పనియిచ్చి అన్నము పెట్టుట మేలని యెంచి, ఆకలిగొన్నవారిచే రాళ్లు మోయించి, వారి కుటుంబములను పోషించిరి. 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసునాడే, ఆ మందిరము ప్రతిష్ఠింపబడెను. సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, దాదాపు 175 అడుగుల గోపురము గల మహామందిరమది. 2024లో దానికి నూఱేండ్లు నిండినవి. దాని రంగుటద్దపు కిటికీలలో నొకదానియందు క్రీస్తుజననము చిత్రింపబడియున్నది. ఆ చిత్రము దీపములకు కానరాదు. వెలుపలినుండి ఎండ పడినప్పుడే కానవచ్చును. చూచువారు గోపురము నెత్తును చూచి యాశ్చర్యపడుదురు. కాని ఆ గోడలోని ప్రతి రాయియు ఒక యాకలిగొన్న యింటికి ఒకనాటి కూడు అని తెలిసికొన్నచో, క్రిస్మసునాడే దానిని ప్రతిష్ఠించుటలోని యౌచిత్యము బోధపడును.

ఇంతవరకు చెప్పిన చరిత్రవలన తేలినదేమి? అర్థమును కాపాడుటకు జనులు రెండు మార్గములు త్రొక్కిరి. ఒకటి వేడుకను నిషేధించుట, అది నిలువలేదు. రెండవది వేడుక నడుమ ఆ పశువులతొట్టిని మఱల నుంచుట. అది గ్రెచ్చోలో నిలిచినది, మెదకులో నిలిచినది. దీపమునందు దోషము లేదు, పాటయందు లేదు, చెట్టునందును లేదు. డిసెంబరు 25వ తేది నిజమైన జన్మదినమా కాదా యన్నదియు ఇచ్చట ముఖ్యము కాదు. చోటులేనివానికి ఆనాడు చోటు దొరకెనా లేదా యన్నదే ఈ పండుగకు పరీక్ష.

ఈ పరీక్షను నేటి మన పల్లెలకు పెట్టి చూడుడు. పిల్లలకు క్రొత్తబట్టలు కొనుటకై వడ్డీకి అప్పుచేసి, సంక్రాంతి వెళ్లినను తీర్చలేక కుములు కూలివారు గలరు. బట్టలు కొనలేక, సిగ్గుచే ఆ దినమున మందిరమునకు రాక యింటనే యుండిపోవు విధవరాండ్రును గలరు. పాతచీర కట్టుకొన్నదని ఒక స్త్రీ వాకిటనే ఆగిపోయినచో, ఆ మందిరమునకును బేత్లెహేము సత్రమునకును భేదమేమి? గోపురముపై ఎంత పెద్ద నక్షత్రము వెలిగినను ఆ లోపమును పూడ్చజాలదు.

పెద్దలారా! దీనికి మందు మీ చేతిలోనిదే. విందుకు ముందు లూకా వ్రాసిన కథను ఒక బాలునిచే బిగ్గఱగా చదివింపుడు. సంఘమునకు ఇంతకంటె మించి వ్యయము చేయరాదని ముందుగనే కట్టడి చేసికొనుడు. అప్పుచేసి పండుగ చేయనక్కఱ లేదని, పాతబట్టలతో వచ్చినను గౌరవమునకు లోటు లేదని, మీరే పాతబట్టలు కట్టుకొనివచ్చి చూపుడు. మిగిలిన డబ్బుతో మొదటి విస్తరి ఎవరికి వేయవలెనో మీ యూరిలో మీకు తెలియని సంగతి కాదు. ఆ యిచ్చుటయు నికొలసువలె ఎవరికిని తెలియకుండ ఇండు. కొట్టములోని పశువులకు ఆనాడు ఒక మోపు గడ్డి ఎక్కువగా వేయుడు. పిల్లలు ఎందులకని అడుగుదురు. అప్పుడు ఆ తొట్టి కథ చెప్పుడు. పండుగ యర్థము ఒక తరమునుండి మఱియొక తరమునకు చేరునది ఇట్లే.